సగంలో ఆగిన ఫుట్‌బాల్ లీగ్‌ను ఎలా ముగించాలి? హనుమకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

ప్రశ్న: సార్, నమస్తే. హనుమకొండ, కాజీపేట, వరంగల్ పిల్లలతో ఎనిమిది జట్ల ఫుట్‌బాల్ లీగ్ నడుపుతున్నాం. ఒక్కో జట్టు మిగతా ఏడు జట్లతో రెండేసి సార్లు ఆడాలి. మొత్తం 56 మ్యాచ్‌లు. అక్టోబర్ చివర్లో తుపాను వానకు గ్రౌండ్ మునిగి 35 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయింది. పైనున్న జట్టుకు 9 మ్యాచ్‌ల్లో 20 పాయింట్లు, రెండో జట్టుకు 8 మ్యాచ్‌ల్లో 19. తుపానుకు ముందు ఆదివారం రెండో జట్టు ఆఖరి స్థానంలో ఉన్న జట్టుతో ఆడుతూ 1–0తో ముందుంది. 62వ నిమిషంలో వానకు రెఫరీ మ్యాచ్ ఆపేశారు. ఇప్పుడు పై జట్టు ‘కప్పు మాకిచ్చి ముగించండి’ అంటోంది. రెండో జట్టు ‘సగటు తీయండి’ అంటోంది. ఆఖరి జట్టు వచ్చే ఏడాది రెండో గ్రూపులోకి దిగాలి కాబట్టి ‘సీజన్ మొత్తం రద్దు చేయండి’ అంటోంది. ఇది 2026 జనవరి మొదటి వారం. మేం ఏం చేయాలి?

సమాధానం:

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేశాను, అందులో ఇరవై రెండేళ్లు రెఫరీగా విజిల్ పట్టాను. లీగ్ మొదలుపెట్టడం కంటే ఆగిన లీగ్‌ను ముగించడం కష్టమని అనుభవం మీద చెబుతున్నాను. మొదలుపెట్టేటప్పుడు అందరికీ సున్నా పాయింట్లే ఉంటాయి కాబట్టి ఏ రూల్ పెట్టినా అందరూ సరేనంటారు. ఇప్పుడు ప్రతి జట్టు చేతిలో పాయింట్ల పట్టిక ఉంది. మీరు ఏ రూల్ చెప్పినా, ముందు దాన్ని ఆ పట్టిక మీద పెట్టి ‘మాకు లాభమా, నష్టమా’ అని లెక్క వేసుకుంటారు. ఆ మూడు జట్లు అడుగుతున్నవి అందుకే మూడు రకాలుగా ఉన్నాయి. వాళ్లది తప్పని నేను అనను. పిల్లలు ఎండలో, బురదలో ఆడి తెచ్చుకున్న పాయింట్లవి.

నా మాట మొదటే చెబుతాను. ఆడగలిగితే ఆడించండి. మిగిలిన 21 మ్యాచ్‌లూ ఆడించడానికి మీకు ఇంకా టైముంది, ఎలాగో కింద రాస్తాను. అయితే మళ్లీ బంతి పెట్టకముందే, ఒకవేళ మధ్యలో ఇంకోసారి ఆగితే ఏం చేస్తారో కాగితం మీద రాసి, ఎనిమిది జట్ల కెప్టెన్లు, మేనేజర్ల సంతకాలు తీసుకోండి. సంతకాలు లేకుండా ఒక్క మ్యాచ్ కూడా పెట్టకండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. నేను కొత్తగా రెఫరీ అయిన రోజుల్లో బొగ్గుబాయిల వైపు ఒక ఊళ్లో ఇలాగే లీగ్ సగంలో ఆగింది. మూడు నెలలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు నలుగురు పెద్దమనుషులు ఒక గదిలో కూర్చుని, అప్పటి పట్టిక చూసి విజేతను ప్రకటించారు. రెండో స్థానంలో ఉన్న జట్టుకు ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. ఆ జట్టు కెప్టెన్ నా దగ్గరికొచ్చి, ‘సార్, మాకు కప్పు ఇయ్యకున్నా మంచిదే, మ్యాచ్ ఆడనియ్యుండ్రి’ అన్నాడు. నా చేతిలో ఏమీ లేదు. మరుసటి ఏడాది ఆ జట్టు పేరు ఇయ్యలేదు. దాంట్లో ఆడిన పిల్లల్లో చాలామందిని నేను మళ్లీ గ్రౌండ్‌లో చూడలేదు. కప్పు ఎవరికి వెళ్లిందన్న దానికంటే ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పెద్ద లీగ్‌లకూ ఇదే కష్టం వచ్చింది. 2020లో కరోనాకు ప్రపంచమంతా ఫుట్‌బాల్ ఆగినప్పుడు ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. వాటిని ఒకసారి చూడండి, మీ మూడు జట్లు అడుగుతున్న మూడు దారులూ అందులో ఉన్నాయి.

మీ పై జట్టు అడుగుతున్నట్టు ‘ఉన్నదాన్ని బట్టి ఇచ్చేయడం’ మన ఐ–లీగ్‌లో జరిగింది. మోహన్ బగాన్ 2020 మార్చి 10న ఐజ్వాల్‌ను ఓడించింది. ఇంకా నాలుగు రౌండ్లు ఉండగానే టైటిల్ ఖాయమైంది. 16 మ్యాచ్‌ల్లో 39 పాయింట్లు, వెనకున్న జట్టు 16 పాయింట్ల దూరంలో ఉంది. నాలుగు మ్యాచ్‌లూ గెలిచినా వచ్చేవి 12 పాయింట్లే. ఆ తర్వాత లీగ్ ఆగింది, 28 మ్యాచ్‌లు మిగిలిపోయాయి. ఏప్రిల్‌లో మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ బగాన్‌నే విజేతగా ప్రకటించింది, ఎవరినీ కింది డివిజన్‌కు దింపలేదు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం, ఎందుకంటే లెక్క ప్రకారం ఆ జట్టును ఇక ఎవరూ అందుకోలేరు. మీ పై జట్టుకు ఉన్న ఆధిక్యం ఒక్క పాయింట్. అదీ ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి. బగాన్‌ను చూపించి ఈ జట్టుకు కప్పు ఇవ్వలేం.

రెండో జట్టు అడిగే సగటు, అంటే మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు అన్న లెక్క, ఫ్రాన్స్‌లో వాడారు. అక్కడ పరిస్థితి మీకు బాగా దగ్గర. పారిస్ సెయింట్ జర్మెయిన్, స్ట్రాస్‌బోర్గ్ మధ్య మ్యాచ్ వాయిదా పడి ఆ రెండు జట్లూ 27 మ్యాచ్‌లే ఆడాయి, మిగతావి 28. అందుకే సగటు తీశారు. పై స్థానానికి ఇబ్బంది రాలేదు, పారిస్ చాలా ముందుంది. గొడవంతా కింద, మధ్యలో వచ్చింది. ఇంకా పది రౌండ్లు ఉండగా అమియాన్, తులూజ్ జట్లను దింపేశారు. వాళ్లు కోర్టుకెక్కారు. అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ దింపుడును ఒకసారి ఆపింది కూడా. అయినా చివరికి వాళ్లు దిగిపోక తప్పలేదు. లియోన్ జట్టు ఏడో స్థానంలో ఆగిపోయి యూరప్ పోటీలకు దారి పోగొట్టుకుంది. అదే లియోన్ ఆగస్టులో మిగిలిన ఛాంపియన్స్ లీగ్ ఆడి సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఏప్రిల్ 30న ఫ్రాన్స్ లీగ్‌ను ముగించేసింది, మే 16న పక్కనే ఉన్న జర్మనీలో మ్యాచ్‌లు మళ్లీ మొదలయ్యాయి. ఆ పదహారు రోజుల తేడాను ఫ్రాన్స్ క్లబ్బులు చాలాకాలం మరిచిపోలేదు. తొందరపడి ముగిస్తే ఇదీ కష్టం.

మీ పట్టికకు సగటు తీస్తే పై జట్టుది 20ని 9తో భాగిస్తే 2.22, రెండో జట్టుది 19ని 8తో భాగిస్తే 2.38. స్థానాలు తారుమారవుతాయి. ఒక లెక్కలో ఒకరు గెలుస్తారు, ఇంకో లెక్కలో ఇంకొకరు. అంటే మీరు లెక్కను ఎంచుకోవడం లేదు, విజేతను ఎంచుకుంటున్నారు. మీ కమిటీ మీద ఆ భారం పడకూడదు.

ఇక ఆఖరి జట్టు అడిగే రద్దు. 1939లో ఇంగ్లాండ్‌లో యుద్ధం మొదలైనప్పుడు మూడేసి మ్యాచ్‌ల తర్వాత లీగ్ ఆపి, ఆ ఫలితాలను లెక్కలోంచి తీసేశారు. అప్పటికి బ్లాక్‌పూల్ పైన ఉంది. మూడు మ్యాచ్‌లే కాబట్టి అది చెల్లింది. 2020లో నెదర్లాండ్స్ 25–26 మ్యాచ్‌ల తర్వాత విజేత లేకుండా, పైకి ఎక్కించడం కిందికి దింపడం లేకుండా ముగించింది. అజాక్స్, ఏజెడ్ రెండింటికీ 56 పాయింట్లే. ఏజెడ్ ఆ సీజన్‌లో అజాక్స్‌ను రెండుసార్లూ ఓడించింది. అయినా గోల్స్ తేడాలో వెనకబడి రెండో స్థానంలో మిగిలింది. రెండో డివిజన్‌లో పైనున్న కాంబూర్ జట్టు పైకి ఎక్కలేకపోయింది, కోర్టుకు వెళ్లినా ఫలితం దక్కలేదు. రద్దు అంటే అందరికీ సమానంగా కనిపిస్తుంది గానీ, బాగా ఆడినవాళ్ల కష్టం మొత్తం పోతుంది, బాగా ఆడనివాళ్లకు ఏమీ కాదు. మీ దగ్గర 56లో 35 మ్యాచ్‌లు అయ్యాయి. నూటికి అరవైకి పైగా అయిన పనిని చెరిపేయడం నాకు ఒప్పుదల కాదు.

ఆడించమని నేను పట్టుబట్టడానికి ఇంగ్లాండ్ లీగే కారణం. 2020 మార్చి 13న ఆగి, జూన్ 17న మొదలై, మిగిలిన 92 మ్యాచ్‌లూ ఆడి జూలై 26న ముగించారు. లివర్‌పూల్ అప్పటికే 25 పాయింట్లు ముందుంది కాబట్టి పైన మారిందేమీ లేదు. కింద చూడండి. ఆగిన రోజున చివరి మూడు స్థానాల్లో బౌర్న్‌మత్, ఆస్టన్ విల్లా, నారిచ్ ఉన్నాయి. అక్కడే ముగించి ఉంటే విల్లా దిగిపోయేది, సగటు తీసినా దిగిపోయేది. ఆడాక ఏమైంది? విల్లా 35 పాయింట్లతో నిలబడింది. అప్పటివరకు గట్టు మీద ఉన్న వాట్‌ఫర్డ్ 34 పాయింట్లతో దిగిపోయింది. ఒక్క పాయింట్! నారిచ్ మాత్రం 21 దగ్గర ఆగి, మిగిలిన తొమ్మిదీ ఓడి 21 దగ్గరే ముగించింది. ఏ సగటూ ఈ మూడు సంగతులనూ ముందే చెప్పలేదు. మ్యాచ్ ఆడితేనే తెలుస్తుంది. మీ ఆఖరి జట్టు పిల్లలకు విల్లా కథ చెప్పండి. రద్దు అడగడం కంటే ఆరు మ్యాచ్‌లు ఆడి పైకి రావడం వాళ్ల చేతిలోనే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, 62వ నిమిషంలో ఆగిన మ్యాచ్. దీని మీద మీరు ప్రశ్నలో ఒక్క వాక్యమే రాశారు గానీ మీ లీగ్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఆ 1–0 ఫలితంగా నిలిస్తే రెండో జట్టుకు 22 పాయింట్లు, అది పైకి వెళ్లిపోతుంది. నిలవకపోతే 19.

ఆట నియమాల్లో ఏడో నియమం ఏమంటుందంటే, మధ్యలో ఆగిపోయిన మ్యాచ్‌ను మళ్లీ మొదటి నుంచి ఆడాలి, పోటీ నియమాలుగానీ నిర్వాహకులుగానీ వేరేగా నిర్ణయిస్తే తప్ప. మీ లీగ్ రూల్స్ కాగితం తీసి చూడండి, ఆగిన మ్యాచ్ గురించి ఏమైనా రాసి ఉందా అని. ఉంటే అదే ఆఖరి మాట. లేకపోతే, ‘నిర్వాహకులు నిర్ణయించవచ్చు’ అన్న ముక్క మీ చేతికి అధికారం ఇస్తుంది. ఆ అధికారం వాడేటప్పుడే జాగ్రత్త కావాలి.

రెండు రకాలుగానూ చేసినవాళ్లున్నారు. స్పెయిన్ రెండో డివిజన్‌లో రాయో వాయెకానో, అల్బాసెతె మ్యాచ్ 2019 డిసెంబర్ 15న ప్రేక్షకుల నినాదాల వల్ల హాఫ్‌టైమ్ దగ్గర ఆగింది. దాని రెండో సగం 2020 జూన్ 10న ఆడారు. కరోనా తర్వాత స్పెయిన్‌లో జరిగిన మొదటి ఆట అదే, 45 నిమిషాల ఆట. డిసెంబర్‌లో రెడ్ కార్డు పడ్డందున అల్బాసెతె జూన్‌లో కూడా పదిమందితోనే మొదలుపెట్టింది. రాయో 1–0తో గెలిచింది. ఇంగ్లాండ్‌లో అలా కాదు. 2023 డిసెంబర్ 16న బౌర్న్‌మత్, లూటన్ మ్యాచ్‌లో 59వ నిమిషంలో లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ గుండె ఆగి గ్రౌండ్‌లోనే పడిపోయాడు. వైద్యులు వెంటనే చూడటంతో బతికాడు. అప్పటికి స్కోరు 1–1. 2024 మార్చి 13న ఆ మ్యాచ్‌ను మొదటి నుంచి ఆడించారు. లూటన్ 3–0తో ముందుండి కూడా 4–3తో ఓడిపోయింది.

నా మనసుకు స్పెయిన్ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. 62 నిమిషాలు ఆడి కొట్టిన గోల్ ఎక్కడికి పోతుంది? ఎవరైనా అలాగే అడుగుతారు. మిగిలిన 28 నిమిషాలు, అదే స్కోరు, అదే పదకొండు మంది, ఆ రోజు చూపిన కార్డులు అలాగే. కానీ ఆ రూల్ ముందే రాసి ఉండాలి. ఇప్పుడు, పట్టిక చూసి, ‘28 నిమిషాలే ఆడండి’ అని మీరు నిర్ణయిస్తే పై జట్టు దాన్ని ఎప్పటికీ ఒప్పుకోదు. అందుకని ఇలా చేయండి. ఆ మ్యాచ్ ఆడిన రెండు జట్లనూ, వాళ్లతో పాటు పై జట్టునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ముగ్గురూ ఒప్పుకుని సంతకం పెడితే 28 నిమిషాల ఆట. ఒక్కరు కాదన్నా నియమం ప్రకారం మొదటి నుంచి 90 నిమిషాలు. రెండో జట్టుకు బాధగానే ఉంటుంది. వాళ్ల మేనేజర్‌తో మీరే స్వయంగా వెళ్లి మాట్లాడండి, ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి.

ఏ పద్ధతైనా సరే, ఈ మ్యాచ్‌ను అన్నిటికంటే ముందు పెట్టండి. ఇది అయిపోతే ఎనిమిది జట్లూ 9 మ్యాచ్‌ల దగ్గర సమానమవుతాయి. అప్పుడు సగటు మాట అక్కర్లేదు, పట్టిక చూస్తే చాలు. సగం గొడవ అక్కడే తీరుతుంది.

తేదీల సంగతి. ఇంగ్లాండ్ వాళ్లకు ఎన్నో గ్రౌండ్లు, లైట్లు ఉన్నాయి. మనకు ఫ్లడ్‌లైట్లు లేని ఒక గ్రౌండ్ ఉంది, ఆడేవాళ్లలో ఇంటర్ పిల్లలు, రైల్వేలో షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి సీజన్‌కు హమాలీ పనికి పోయేవాళ్లు ఉన్నారు. క్యాలెండర్ ముందు పెట్టుకుని ఆలోచించాను. మొదటి పది రోజులు ప్రాక్టీస్‌కు వదలండి. జనవరి 13న, భోగికి ముందు రోజు, సెలవులే కాబట్టి ఆగిన మ్యాచ్ ఆడించండి. మిగిలినవి ఐదు రౌండ్లు, రౌండ్‌కు నాలుగు మ్యాచ్‌లు. శనివారం రెండు, ఆదివారం రెండు, ఉదయం ఏడున్నరకు ఒకటి, మధ్యాహ్నం మూడున్నరకు ఒకటి. జనవరి 17–18, 24–25 తేదీల్లో రెండు రౌండ్లు అవుతాయి. జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర. ఆ వారం ఏమీ పెట్టకండి. బస్సులు, పోలీసులు, అంబులెన్సులు అన్నీ అటే ఉంటాయి, మన పిల్లలు కూడా అమ్మవార్ల దగ్గరే ఉంటారు. తాడ్వాయి దారిలో ఇరుక్కున్న సెంటర్ ఫార్వర్డ్ కోసం ఎదురుచూస్తూ మ్యాచ్ ఆలస్యమైన సంగతి నాకు బాగా గుర్తుంది. ఫిబ్రవరి 7–8న మూడో రౌండ్. 15వ తేదీ ఆదివారం శివరాత్రి. ఉపవాసం ఉన్న పిల్లలు ఎండలో పరిగెత్తకూడదు, పైగా వేయిస్తంభాల గుడి చుట్టూ ట్రాఫిక్ కదలదు. ఆ వారం నాలుగు మ్యాచ్‌లూ 14వ తేదీ శనివారమే రెండు గ్రౌండ్లలో పెట్టండి. 21–22న ఆఖరి రౌండ్. అప్పటికి రంజాన్ నెల మొదలై ఉంటుంది. రోజా ఉన్న ఆటగాళ్లున్న జట్ల మ్యాచ్‌లు పొద్దున ఏడింటికే పెట్టండి, సాయంత్రం వద్దు. సహరీ తిని వచ్చి ఆడటం, పొద్దంతా నీళ్లు లేకుండా ఉండి ఆడటం కంటే మేలు. ఆ తర్వాత ఫిబ్రవరి చివరి వారంలో ఇంటర్ పరీక్షలు, మార్చిలో పదో తరగతి, ఆపైన ఎండలు. అంటే ఫిబ్రవరి 22 మీ గడువు. ఒక్క వారాంతం కూడా ఖాళీ లేదు, కాబట్టి ఒక రౌండ్ తప్పితే ఏ బుధవారం ఆడిస్తారో అదీ ఇప్పుడే రాసుకోండి.

ఆఖరి రౌండ్ గురించి ఇంకో మాట. కప్పుకో, దిగిపోవడానికో సంబంధించిన మ్యాచ్‌లు ఒకే టైముకు మొదలవ్వాలి. 1982 ప్రపంచకప్‌లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్ జరిగింది. అల్జీరియా తన మ్యాచ్ ముందు రోజే ఆడేసింది కాబట్టి, జర్మనీ ఒక గోల్ తేడాతో గెలిస్తే రెండు జట్లూ ముందుకెళ్తాయని ఇద్దరికీ తెలుసు. జర్మనీ 1–0తో ముందుకొచ్చాక మిగతా టైమంతా ఎవరూ గట్టిగా ఆడలేదు. అల్జీరియా ఇంటికి పోయింది. అప్పటి నుంచే ఆఖరి మ్యాచ్‌లు ఒకేసారి పెట్టడం మొదలైంది. ఆ రోజుకు, 14వ తేదీకి కూడా, యూనివర్సిటీ గ్రౌండో, ఏదైనా కాలేజీ గ్రౌండో అడిగి తీసుకోండి. డీవైఎస్‌వో (జిల్లా యువజన, క్రీడల అధికారి) ఆఫీసుకు దరఖాస్తు ఇప్పుడే ఇవ్వండి. ఆఖరి వారంలో వెళ్తే ఏదో ఒక సభకో ఎగ్జిబిషన్‌కో బుక్ అయిపోయి ఉంటుంది.

గ్రౌండ్ సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. మీ గ్రౌండ్‌లో నిలిచినవి ఆ నీళ్లే అయితే, ఒండ్రు మట్టిలో సీసా పెంకులు, మేకులు, ఇనుప తీగలు ఉంటాయి. పైకి ఎండిపోయి చదునుగా కనిపిస్తుంది. 2023 జూలై వరదల తర్వాత మేం గ్రౌండ్ మళ్లీ తెరిచేటప్పుడు నలభై మంది పిల్లలను, పెద్దలను చేతికి చేయి దూరంలో వరుసగా నిలబెట్టి, గోల్ నుంచి గోల్ దాకా నడిపించాం. చెప్పులు వేసుకుని, చేతిలో సంచి పట్టుకుని. మూడుసార్లు నడిచాం, మూడోసారి కూడా పెంకులు దొరికాయి. ఆ తర్వాతే మొరం పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పాం. గోల్‌పోస్టుల కాళ్లు పట్టుకుని ఊపి చూడండి. నీళ్లు నానిన నేలలో అవి వదులవుతాయి, మీద పడితే ప్రాణాలు పోతాయి. గీతలకు సున్నం వాడకండి, చెమట పట్టిన ఒంటి మీద కాలుతుంది, కళ్లలో పడితే మరీ ప్రమాదం. ముగ్గు పిండి చాలు. ఇప్పుడు సంక్రాంతి కాబట్టి బజారులో కావలసినంత దొరుకుతుంది.

రెండు నెలలు ఆడని కాళ్లతో ఒకేసారి 90 నిమిషాలు ఆడితే తొడ కండరాలు పట్టేస్తాయి, చిరుగుతాయి. 2020లో అందుకే మూడు సబ్‌స్టిట్యూషన్లకు బదులు ఐదు ఇచ్చారు, తర్వాత అదే శాశ్వతం అయింది. మన స్థాయి ఆటలకు నియమాలు ఇంకా వెసులుబాటు ఇస్తాయి. బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు, అయితే దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఒప్పుకోవాలి, పోటీ నియమాల్లో రాసుకోవాలి. మీరు రాసుకోండి. ఆఖరి జట్టు లాంటి చిన్న జట్లకు ఇది చాలా అవసరం, వాళ్ల దగ్గర పదమూడు మంది కంటే ఎక్కువ రారు.

ఆటగాళ్ల పేర్ల విషయంలో మాత్రం వెసులుబాటు ఇవ్వకండి. ఇప్పుడు ప్రతి జట్టూ వచ్చి, ‘సార్, మా వాళ్లు ఇద్దరు హైదరాబాద్ కోచింగ్‌కు పోయిండ్రు, కొత్తవాళ్లను తీసుకుంటం’ అంటుంది. ఒక్కరికి ఒప్పుకున్నారంటే, వారం తిరక్కుండా ఎక్కడెక్కడి ఆటగాళ్లో మ్యాచ్‌కు ఇంత అని డబ్బు తీసుకుని దిగుతారు. అప్పుడు ఇది అక్టోబర్‌లో ఆగిన లీగ్ కాదు, వేరే లీగ్. పెద్ద క్లబ్బులకూ ఈ తలనొప్పి తప్పలేదు. 2020లో జూన్ 30కి కాంట్రాక్టులు అయిపోతుంటే, సీజన్ ముగిసేదాకా పొడిగించుకోమని ఫిఫా సలహా ఇచ్చింది. బౌర్న్‌మత్‌కు ఆడే రయన్ ఫ్రేజర్ ఒప్పుకోలేదు, మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ జట్టు దిగిపోయింది. అయినా వాళ్లకోసం కొత్త ఆటగాళ్లను తీసుకునే గడువు మధ్యలో తెరవలేదు. మీరు కూడా ఆగిన రోజు నాటికి రిజిస్టర్‌లో ఉన్న పేర్లే అనండి. ఒక్క గోల్‌కీపర్‌కు మినహాయింపు ఇవ్వండి. కీపర్ లేకుండా ఎవరినో నిలబెట్టి పదేసి గోల్స్ ఇప్పిస్తే గోల్స్ తేడా లెక్క మొత్తం చెడుతుంది. ఎల్లో కార్డులు, సస్పెన్షన్లు అలాగే కొనసాగుతాయి.

డబ్బు గురించి పొట్టిగా. ఎంట్రీ ఫీజు, స్పాన్సర్ ఇచ్చింది, ఖర్చయింది, మిగిలింది ఒక కాగితం మీద రాసి అందరికీ చూపించండి. రెఫరీలకు మ్యాచ్ రోజే ఇవ్వండి. లీగ్ మళ్లీ ఆగితే మిగిలిన ప్రైజ్ డబ్బును జట్లకు సమానంగా పంచండి. ఐ–లీగ్‌లో విజేత పోను మిగతా పది క్లబ్బులకు అలాగే చేశారు.

ఇక ఆ సంతకాల కాగితంలో, ‘మళ్లీ ఆగితే’ అన్న చోట ఏం రాయాలి? దీని మీద నేను రెండు రోజులు ఆలోచించాను. మొదట మీకు చెబుదామనుకున్నది వేరు. మీ 35 మ్యాచ్‌ల్లో మొదటి ఏడు రౌండ్లు పూర్తయ్యాయి, 62వ నిమిషంలో ఆగింది ఆ తర్వాతి రౌండ్లలోని మ్యాచ్. అంటే ప్రతి జట్టు ప్రతి జట్టుతో ఒక్కసారి ఆడేసింది. ఆ తొలి సగం పట్టికనే ఆఖరి పట్టికగా తీసుకుంటే, అందరూ అందరితో ఆడిన లెక్క కాబట్టి సగటు కంటే న్యాయం. కానీ ఆ ఏడు రౌండ్ల పట్టికలో ఎవరు పైన ఉన్నారో ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ రూల్ రాయడమంటే ఆ పేరు రాయడమే. మళ్లీ అదే గొడవ.

అందుకని నా సలహా ఇది. ఫిబ్రవరి 22 నాటికి లీగ్ పూర్తికాకపోతే, అప్పటి పట్టికలో పైనున్న రెండు జట్ల మధ్య ఒక్క మ్యాచ్ పెట్టండి. గెలిచినవాళ్లకు కప్పు, డ్రా అయితే పట్టికలో పైనున్న జట్టుకు. పైనున్నందుకు ఆ జట్టుకు ఆ మాత్రం లాభం ఉండాలి. కింది నుంచి ఎవరినీ దింపకండి, వచ్చే ఏడాది రెండో గ్రూపులో గెలిచిన జట్టును కలుపుకుని తొమ్మిది జట్లతో ఆడించండి. 2020లో యూరప్ ఛాంపియన్స్ లీగ్‌కు కూడా టైము చాలక ఇలాంటి దారే పట్టారు. రెండేసి మ్యాచ్‌ల పద్ధతి వదిలేసి, ఎనిమిది జట్లను లిస్బన్‌కు రప్పించి ఒక్కో మ్యాచ్‌తో తేల్చారు. పన్నెండు రోజుల్లో అయిపోయింది. ఎంత వాన పడినా, ఎన్ని పరీక్షలున్నా, 22 మంది పిల్లలకు, ఒక బంతికి ఒక సాయంత్రం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కాజీపేటలో దొరక్కపోతే జనగామలో దొరుకుతుంది.

మీ కమిటీలో ఏ జట్టుకైనా మేనేజర్‌గానో, అన్నగానో, నాన్నగానో ఉన్నవాళ్లు ఉంటే, ఈ కాగితం రాసే రోజు వాళ్లను పక్కన కూర్చోమనండి. వాళ్లు మంచివాళ్లే అయ్యుండొచ్చు, అయినా సరే. అభ్యంతరాలు వినడానికి ఏ జట్టుకూ సంబంధంలేని ముగ్గురిని పెట్టుకోండి. మ్యాచ్ అయిన 24 గంటల్లో రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరమే తీసుకోవాలి, మూడు రోజుల్లో తేల్చాలి. 2024–25 ఐ–లీగ్‌లో మ్యాచ్‌లు ఏప్రిల్‌లో అయిపోయాయి. అర్హత లేని ఆటగాడి గొడవ మీద వాదనలు నడిచి, ముందు చర్చిల్ బ్రదర్స్‌కు ఇచ్చిన టైటిల్ జూలైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం తీర్పుతో ఇంటర్ కాశీకి వెళ్లింది. మూడు నెలలు రెండు ఊళ్ల అభిమానులకు టెన్షన్. మన పిల్లలకు ఆ పరిస్థితి వద్దు.

ఆ ముగ్గురిలో ఒకరిగా నన్ను రమ్మంటే వస్తాను. నా దగ్గర చదివిన పిల్లలెవరూ ఇప్పుడు మీ జట్లలో లేరు, అడిగి తెలుసుకున్నాకే ఈ మాట రాస్తున్నాను. ఈ ఆదివారం ఎనిమిది మంది కెప్టెన్లను గ్రౌండ్ దగ్గరికి పిలవండి. ముందు అందరూ కలిసి పెంకులు ఏరండి, తర్వాత అక్కడే చెట్టు కింద కూర్చుని సంతకాలు చేయించండి.